నాన్న చెవికందిన పిట్ట

మలాంగ్ పట్నంలో సంగీత కళాశాలలో చేరిన మొదటి ఏడాదంతా వెనింగ్ తన తండ్రి ఏం చేస్తాడో ఎవరికీ చెప్పలేదు. ఎవరైనా అడిగితే "సామాను అద్దెకిస్తాడు" అనేది. అబద్ధం కాదు. కాకపోతే ఆ సామాను లారీ మీద ఇంటి కప్పంత ఎత్తున పేర్చిన స్పీకర్లనీ, ఆగస్టు ఊరేగింపుల్లో అవి దారిన పోతుంటే కిటికీ అద్దాలు గడగడలాడి పెంకులు జారతాయనీ మాత్రం పైకి అనేది కాదు. ఆ మోతని ఆ వైపు హోరెగ్ అంటారు. ఒళ్ళంతా అదిరిపోవడం అన్నమాట. పల్లెల్లో హోరెగ్ వస్తోందంటే పిల్లలు అన్నం వదిలేసి పరిగెడతారు. కళాశాలలో హోరెగ్ అంటే నవ్వుతారు.

తండ్రి పేరు తుమిరాన్. మలాంగ్‌కి దక్షిణాన, చెరకు తోటల మధ్య కెబొన్‌తురి వాళ్ళ ఊరు. వెనింగ్ పుట్టిన వారంలోనే ఆయన మొదటి జత పెద్ద స్పీకర్లు కొన్నాడు. రెండు సంతోషాలూ కలిసొచ్చాయని తన సౌండు సెట్టుకి 'లిందు పుత్రి' అని పేరు పెట్టాడు. లిందు అంటే భూకంపం. కూతురి పేరు మాత్రం తల్లి లస్మి ఆయన చేతిలో పెట్టలేదు. తేటగా, నిమ్మళంగా ఉండేదని అర్థం వచ్చేలా వెనింగ్ అని పెట్టుకుంది. "ఈ కొంపలో ఒక్క ప్రాణమైనా నెమ్మదిగా ఉండాలి కదా" అనేదట.

వెనింగ్ నేర్చుకుంటున్నది ఎలక్ట్రానిక్ సంగీతం. పాట కట్టడం, దాన్ని స్టూడియోలో తీర్చిదిద్దడం. కిటికీల్లేని చిన్న గది, గోడల నిండా బూడిదరంగు స్పాంజి, బల్ల మీద కంప్యూటరు, రెండు స్పీకర్లు, వరసగా మీటలున్న మిక్సరు. ఆ గదిని ఇద్దరేసి విద్యార్థులు పంచుకోవాలి. ఆమెకి జత దొరికినవాడు బ్రమంత్యో. అందరూ బ్రామ్ అంటారు. పొడుగ్గా, ఎప్పుడూ ఏదో ఒకటి నములుతూ, డప్పులన్నీ నోటితోనే వాయించేసే రకం.

ఓ పొద్దున బ్రామ్ ఫోన్లో ఏదో ఊరేగింపు వీడియో చూపించి పడీపడీ నవ్వాడు.

"చూడు, చూడు, పెంకులెలా ఊడుతున్నాయో! వీళ్ళకి సంగీతం ఎందుకు? కొంపలు కూల్చే కాంట్రాక్టు ఇస్తే సరిపోయె!"

వెనింగ్ కూడా నవ్వింది. ఆ లారీ లిందు పుత్రి కాదు. అయినా రెండోసారి చూడమంటే పనుందని తల తిప్పుకుంది.

ఆమె పాటలు సన్నటి శబ్దాలతో అల్లినవి. గాజు గ్లాసు అంచుకి చెంచా తగిలిన చప్పుడు, రేకు మీంచి ప్లాస్టిక్ బక్కెట్లోకి జారే వాన చుక్క, తెల్లవారుతుండగా తమ పనసచెట్టు మీద కూసే బుల్‌బుల్ పిట్ట. ఇలాంటివి రికార్డు చేసుకొచ్చి, కంప్యూటర్లో ముక్కలు కోసి, సాగదీసి, ఒకదాని మీద ఒకటి పరిచి, దారప్పోగుల్లా నేసేది. ఏ శబ్దం తెచ్చుకున్నా ముందు చేసే పని ఒకటే. దాని మంద్ర స్థాయి మొత్తం కోసి పారేసేది. చిన్నప్పట్నుంచీ మంచం కోళ్ళు దడదడలాడుతుంటే నిద్రపోయిన పిల్ల. మంద్రం అంటేనే బెదురు.

"నీ పాటకి తలకాయుంది గానీ కాళ్ళు లేవు" అనేవాడు బ్రామ్. "దెయ్యంలాగా గాల్లో తేలుతోంది."

వాళ్ళకి పాఠం చెప్పే అగ్నెస్ గారిని పిల్లలంతా 'బు' అని పిలిచేవారు. ఆ వైపు పెద్ద ఆడవాళ్ళని గౌరవంగా అలా పిలుస్తారు, మగవాళ్ళనైతే 'పాక్' అంటారు. తల నెరిసి, జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, ఫ్లాస్కులో మల్లెపూల టీ వెంటపెట్టుకుని తిరిగే మనిషి. పాట వింటున్నంతసేపూ మాట్లాడదు. విన్నాక ఒక్క మాట అంటుంది. ఆ మాట వారమంతా బుర్రలో తిరుగుతుంది.

"ప్రతిదానికీ అడుగు కోసేశావు. ఎందుకు వెనింగ్?"

"బురదబురదగా ఉంటుంది బు."

"కాళ్ళకి బురదైతే కడుక్కుంటాం. నరుక్కోం."

రెండో ఏడు నడుస్తుండగా ఆవిడ ఒక పని అప్పగించింది. "ఒక్క మనిషి కోసం ఒక పాట చెయ్యండి. ఆ మనిషి పక్కన కూర్చుని వినిపించండి. మీరేం వివరించకూడదు. పాటని వినకండి, వినే మనిషిని చూడండి. ఏం చూశారో వచ్చి నాకు చెప్పండి."

బ్రామ్ తను అద్దెకుంటున్న ఇంటి ముసలమ్మని ఎంచుకున్నాడు. వెనింగ్‌కి ఎవరూ తోచలేదు. తన దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా బాగా వచ్చిన పాట పట్టుకుని, అక్కడెవరో ఒకరు దొరక్కపోతారా అని శనివారం స్కూటరు మీద ఇంటికి పోయింది.

తుమిరాన్ ఆమెని ఇంట్లోకి కూడా రానివ్వలేదు.

"పాట తెచ్చావా? ఏదీ? ఇలా ఇవ్వు. లస్మీ, చూశావా, తెచ్చింది! నేను చెప్పలా?" అంటూ కంప్యూటరు లాక్కుని వాకిట్లో కట్టి ఉన్న స్పీకర్ల గోడకి తగిలించేశాడు. అంతటితో ఊరుకున్నాడా, మైకు పుచ్చుకుని వీధి వీధంతా పిలిచేశాడు. "నా కూతురు చదువుకుని కట్టిన పాట! రండి, రండి! అత్తా కోడళ్ళు కొట్టుకునేవాళ్ళు తరవాత కొట్టుకోవచ్చు!"

జనం నవ్వుకుంటూ వచ్చారు. చంకలో పిల్లల్తో, చేతిలో చీపుళ్ళతో. పక్కింటి జుమి అవ్వకి ఎవరో కుర్చీ వేశారు.

"కొంచెమే పెట్టు నాన్నా" అని బతిమాలింది వెనింగ్.

"కొంచెం అంటే ఎంత? మన మిషన్లో కొంచెం అనే మీట లేదే!"

చివరికి ఆమే తగ్గించింది. తుమిరాన్ బోర్లించిన పెట్టె మీద కూర్చుని, లవంగాల సిగరెట్టు ముట్టించకుండా వేళ్ళ మధ్య పట్టుకుని, నమాజులో ఉన్నవాడిలా కళ్ళు మూసుకున్నాడు. పాట మొదలైంది. చెంచా గాజుని తాకింది. చినుకులు పడ్డాయి. వాటి మీదుగా బుల్‌బుల్ పిట్టలు ఇటునుంచి అటు, అటునుంచి ఇటు ఎగిరాయి. అల్లరి చేస్తున్న పిల్లలు ఆగి పైకి చూశారు. జుమి అవ్వ తల ఓ పక్కకి వాల్చింది. తన పాట ఇంత మంది మధ్య, ఇంత ఆకాశం కింద వెనింగ్ ఎప్పుడూ వినలేదు.

అప్పుడు తుమిరాన్ కళ్ళు తెరిచాడు.

"నింగూ, వైరేమన్నా ఊడిందేమో చూడు. ఇంకా మొదలవలేదేం?"

వాకిలంతా గొల్లుమంది.

"అయిపోవచ్చింది నాన్నా."

"అయిపోవచ్చిందా? మొదలవకుండానే?"

ఆయన నిజంగానే అడిగాడు. కానీ ఆయన వేళాకోళాలు ఊరందరికీ అలవాటే. మరింత నవ్వారు. వెనింగ్ వైరు లాగేసింది.

జుమి అవ్వ మాత్రం కోప్పడింది. "నువ్వూరుకో మిరాన్. ఆ పిట్టలెంత ముద్దుగా కూశాయో! మా వెదురుతోపులో కూచున్నట్టే ఉంది."

"ఏ పిట్టలు?" అన్నాడు తుమిరాన్.

ఇంక నవ్వలేక కొందరు కడుపులు పట్టుకున్నారు.

రాత్రి అన్నాల దగ్గర వెనింగ్ మెతుకులు కెలుకుతూ కూర్చుంది. లస్మి కూతురి కంచంలో వేయించిన సోయా టెంపే ఇంకో రెండు ముక్కలు వేసి, "ఆయన మాటలు పట్టించుకోకే. నేను పిలిస్తేనే పలకడు, నీ పిట్టలకి పలుకుతాడా?" అంది. మర్నాడు ఎండెక్కకముందే వెనింగ్ బయల్దేరింది. తుమిరాన్ అరిటాకులో కట్టిన పొట్లంతో గేటు దాకా పరిగెత్తుకొచ్చాడు. ఆమె చూసీ చూడనట్టు స్కూటరు తోలుకుపోయింది.

స్టూడియోలో బ్రామ్ అడగనే అడిగాడు. "ఎవరికి వినిపించావు? ఏమన్నారు?"

ఏడుపు, కోపం కలిసొచ్చి మొత్తం కక్కేసింది. లారీ, స్పీకర్లు, మైకు, అందరి నవ్వూ. బ్రామ్ నమలడం ఆపేశాడు.

"ఆగాగు. లిందు పుత్రి మీదా? మీ నాన్నదా?"

"ఊఁ."

"ఓరి దేవుడా! చిన్నప్పుడు మా అమ్మమ్మగారి ఊళ్ళో ఆ లారీ వెనక చెప్పులు తెగేదాకా ఎగిరానే! ఇన్నాళ్ళూ చెప్పవేం?"

"కొంపలు కూల్చే కాంట్రాక్టు అన్నది ఎవరు?"

"వెక్కిరించడం వేరు, ఇష్టం వేరు. మా అమ్మని నేను వెక్కిరించనా?" అని కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు. "అదలా ఉంచు. 'ఏ పిట్టలు' అన్నారా? ఆ మాటే అన్నారా?"

"అదే. అందరూ నవ్వాలని."

బ్రామ్ ఆమె పాట పెట్టాడు. తెర మీద ఒక గీతని పట్టుకుని, తార స్థాయిని పైనుంచి కొంచెం కొంచెంగా కోసుకుంటూ వచ్చాడు. ముందు పిట్టలు దూరమయ్యాయి. తరవాత చినుకులు పోయాయి. చెంచా దూదిలో పడ్డట్టయింది. కాసేపటికి గదిలో కంప్యూటరు ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ మిగల్లేదు. తెర మీద మాత్రం పాట నడుస్తూనే ఉంది.

"ఇలా విన్నారేమో" అన్నాడు.

వెనింగ్‌కి ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఇంట్లో నీళ్ళ కెటిల్ కూతపెట్టి కూతపెట్టి ఇగిరిపోతున్నా నాన్న పక్కనే కూర్చుని పేపరు చదువుతుండేవాడు. అమ్మ ఎదురుగా వచ్చి నిలబడితేనే జవాబు చెప్పేవాడు. గేటు దబ్బున పడితే మాత్రం, లారీ హారన్ మోగితే మాత్రం, గబుక్కున లేచేవాడు. పరధ్యానం అనుకున్నారు అందరూ. పెళ్ళాం మాట లెక్కలేదనుకుంది లస్మి.

సంగతి విన్న బు అగ్నెస్ టీ ఫ్లాస్కు మూత బిగించి, "ఆయన్ని ఇక్కడికి తీసుకురా" అంది.

కాలేజీ స్పీకర్లు ఎలా ఉన్నాయో నువ్వొచ్చి చూసి చెప్పాలి అనగానే తుమిరాన్ ఉబ్బిపోయాడు. ఇస్త్రీ చేసిన బతిక్ చొక్కా వేసుకుని, పంతులమ్మగారికని బుట్టెడు సలాక్ పళ్ళు పట్టుకుని వచ్చాడు. స్పాంజి గోడల మధ్య అడుగు పెట్టి ఒక్క కేక వేసి చూశాడు.

"ఇదేం గదే నింగూ, నా గొంతు మింగేస్తోంది!"

"గట్టిగా మాట్లాడేవాళ్ళ కోసమే కట్టాం పాక్" అంది బు అగ్నెస్. ఆయన పకపకా నవ్వాడు.

శబ్దం వినబడినప్పుడల్లా చెయ్యెత్తమన్నారు. వెనింగ్ అట్టడుగు నుంచి మొదలుపెట్టింది. బ్రామ్ ఇంకా చెవి రిక్కిస్తుండగానే తుమిరాన్ చెయ్యి లేచింది. "చూశావా అబ్బాయ్! ఇది చెవితో కాదు, ఇక్కడ వినాలి" అని రొమ్ము చరుచుకున్నాడు. మీట పైకి జరిగినకొద్దీ ఆయన చెయ్యి లేస్తూనే ఉంది. ఒకచోట ఆలస్యమైంది. ఆ పైన లేవలేదు.

గదిలో సూదిలాంటి కూత నిండిపోయింది. బ్రామ్ మొహం చిట్లించాడు. తుమిరాన్ ఒళ్ళో చేతులు పెట్టుకుని, బస్సు కోసం చూసేవాడిలా పైకప్పు కేసి ప్రశాంతంగా చూస్తున్నాడు. వెనింగ్ మీట నెమ్మదిగా కిందికి తెచ్చింది. ఇక్కడైనా ఎత్తుతాడేమో, ఇక్కడైనా. తను అనుకున్నదానికన్నా చాలా కిందికి వచ్చాక గానీ ఆ చెయ్యి లేవలేదు. అప్పటికి మీట, మనుషుల మాటల్లో స-లూ, శ-లూ పలికే చోటు కూడా దాటి కిందికి పోయింది.

"ఏం, మిషను ఆగిందా?" అన్నాడాయన.

చెప్పాల్సింది వెనింగే. చెప్పింది.

"మీ స్పీకరు బాగోలేదు."

"బాగానే ఉంది నాన్నా."

"ఈ అబ్బాయికి వినబడిందా?"

బ్రామ్ నేల చూపులు చూశాడు. "వినబడింది పాక్."

తుమిరాన్ బల్ల మీద బు అగ్నెస్ పోసి ఉంచిన టీ కప్పు తీసి పక్కన పెట్టాడు. మళ్ళీ తీసి ఇంకోచోట పెట్టాడు.

"అయితే ఆ వేళ పిట్టలున్నాయన్నమాట."

"ఉన్నాయి నాన్నా."

"జుమి అవ్వ ఊరికే అనలేదన్నమాట. మరి నేను అందరి ముందూ..." అని ఆగిపోయాడు. ఎవరో అడిగినట్టు తొందరగా, "నీ గొంతు మాత్రం నాకు పూర్తిగా వినబడుతుంది సుమా" అన్నాడు.

అది పూర్తిగా నిజం కాదని ఆమెకి ఇప్పుడు తెలుసు. "అవును నాన్నా" అంది. బస్సు ఎక్కేదాకా ఆయన చెయ్యి వదల్లేదు.

ఆ ఒక్క మనిషి ఎవరో ఇంక వెతుక్కోనక్కర్లేదు. కానీ మంద్రం ఆమెకి చేతకాని పని. ఇన్నాళ్ళూ కోసి పారేసినదాంతోనే ఇప్పుడు పాట కట్టాలి. మొదటిసారి చేసినది విని బ్రామ్, "సంతలో గేదెలన్నీ ఒకే గుమ్మంలోంచి దూరుతున్నాయి" అన్నాడు. నిజమే. ఏది డప్పో ఏది తీగో తెలియకుండా అంతా ముద్దయిపోయింది. రెండోసారి చేసినది స్టూడియోలో బ్రహ్మాండంగా ఉండి, వేరే గదిలో పెడితే మాయమైపోయింది.

బు అగ్నెస్ పక్కన కూర్చుని నేర్పింది. "సన్నటి శబ్దాలు పక్కపక్కన సర్దుకుంటాయి. లావాటివాటికి చోటు కావాలి. ఒకటి లేచి వెళ్ళాక ఇంకోదాన్ని కూచోబెట్టు. మధ్యలో ఖాళీ ఉంటే కంగారు పడకు. ఆ ఖాళీ కూడా నువ్వు కట్టిందే." డప్పూ తీగా ఒకే క్షణాన పడకుండా వెంట్రుకవాసి ఎడం పెట్టడం బ్రామ్ చూపించాడు. వెనింగ్ బల్ల మీద అరచెయ్యి ఆనించి వినడం అలవాటు చేసుకుంది. మెల్లగా ఆ బెదురు తగ్గింది. ఒకనాడు ఒకే ఒక్క మంద్ర స్వరం గది అడుగున నీళ్ళలా పరుచుకుంటే, హాయిగా ఉందనిపించి తనకే ఆశ్చర్యమేసింది.

పిట్టల్ని ఏం చెయ్యాలో మాత్రం తోచలేదు. అవి లేకుండా పాట వద్దు. అవి ఉంటే ఆయనకి వినబడవు. చివరికి బుల్‌బుల్ కూతని తీసుకుని నెమ్మది చేసింది. నెమ్మది చేస్తే శబ్దం కిందికి దిగుతుంది. ఒక మెట్టు దిగితే ఎవరో ఈల వేసినట్టు. ఇంకో మెట్టు దిగితే పిల్లవాడు దీర్ఘాలు తీసినట్టు. ఇంకా దింపితే ఆ చిటికెడు కూత లోపల ఎన్నో వంపులు బయటపడ్డాయి. ఏదో పెద్ద ప్రాణి ఒళ్ళు విరుచుకుని, ఒక ప్రశ్న అడిగి, తనలో తనే నవ్వుకున్నట్టుంది. మరీ దింపితే ఓడ కూతైపోయింది. మళ్ళీ కొంచెం పైకి తెచ్చి, నాన్న చెయ్యి లేచిన చోటు గుర్తు చేసుకుని అక్కడ నిలబెట్టింది. అలా ఒక్కో పిట్టనీ దింపుకుంటూ వచ్చింది.

ఈసారి ఇంటికెళ్ళినప్పుడు తుమిరాన్ మైకు ముట్టుకోలేదు. స్టూడియోకి వచ్చి వెళ్ళినప్పట్నుంచీ మాటలు తగ్గాయని లస్మి చెప్పింది. మధ్యాహ్నం వేళ వీధిలో ఎవరూ లేరు. ఆయన స్పీకరు పెట్టె పక్కన కూర్చుని అరచెయ్యి దాని చెక్క మీద ఆనించాడు. వెనింగ్ పాట పెట్టి, బు అగ్నెస్ చెప్పినట్టు పాటని వదిలేసి ఆయన్ని చూసింది.

ముందు భయపడ్డాడు. మళ్ళీ మొదలవలేదేమో అని భయం. తరవాత మొదటి మంద్రం పడింది. భుజాలు కిందికి దిగాయి. బొటనవేలు కదిలింది. పిట్ట వచ్చినప్పుడు కనుబొమలు రెండూ పైకి లేచి అక్కడే ఉండిపోయాయి. ఇంకోటి రాగానే ఎవరో వెనక నిలబడ్డట్టు తల తిప్పి చూశాడు.

"ఏంటే అది? ఎవరో దొరగారు నవ్వుతున్నట్టుంది?"

వివరించకూడదు. కానీ ఆగలేకపోయింది. "మన పనసచెట్టు మీది బుల్‌బుల్ నాన్నా. కిందికి దింపాను."

"అదా! ఆ గుప్పెడంత పిట్టా?" ఆయన పనసచెట్టు కేసి చూశాడు. పెట్టె కేసి చూశాడు. కళ్ళు తుడుచుకోవడానికి చొక్కా కొసనెత్తి, సగంలో మానేసి, ఎలాగూ చూసేసింది కదా అని తుడిచేసుకున్నాడు. "మళ్ళీ పెట్టు."

తరగతిలో ఇదంతా చెప్పినప్పుడు బు అగ్నెస్ అడిగింది, "బాగుందన్నారా?"

"అనలేదు బు. మళ్ళీ పెట్టమన్నారు."

"ఊఁ. చివర సాగదీశావు. కొంచెం కత్తిరించు" అంది ఆవిడ. అంతే.

ఆ తరవాత లస్మి పట్టు వదల్లేదు. భర్తని చెవి డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళింది. ఇన్నేళ్ళుగా తన మాట పెడచెవిన పెడుతున్నాడని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి దారంతా ఆయన చెయ్యి నిమురుతూనే ఉంది. పోయింది తిరిగి రాదు, చెవిలో మిషను పెట్టుకుంటే సాయంగా ఉంటుంది అంది డాక్టరమ్మ. "ఊరేగింపులయ్యాక చూద్దాం" అన్నాడాయన. లేవబోతుంటే లస్మి కూతుర్ని ముందుకి తోసింది. "దీన్నీ ఓసారి చూడండి. ఆ లారీ పక్కనే పెరిగింది."

వెనింగ్ కుడి చెవి శుభ్రంగా ఉంది. ఎడమ చెవిలో, పైస్థాయిలో ఒక్కచోట, చిన్న లోటు. ఇప్పటికి ఏం ఇబ్బంది లేదు, ఇంక ముదరకుండా చూసుకోవాలి అంది డాక్టరమ్మ. వెనింగ్ చెయ్యి తనకి తెలీకుండానే ఎడమ చెవి మీదికి పోయింది. చెవుల మీద బతుకుదామనుకున్న పిల్ల.

"ఎడమదా?" అని అడిగాడు తుమిరాన్. చిన్నప్పుడు ఆమె మంచం ఉన్న గదికి ఎడమవైపు గోడ అవతలే ఆయన స్పీకర్లు సరిచూసుకునే కొట్టం.

తెల్లారి ఇనుప చప్పుళ్ళకి లేచి చూస్తే తండ్రి లారీ ఎక్కి పై వరస స్పీకర్లు ఊడదీస్తున్నాడు. కింద పనివాళ్ళు లబోదిబోమంటున్నారు.

"నాన్నా, ఏం చేస్తున్నావు? వారంలో ఊరేగింపు!"

"ఎత్తు ఎక్కువైంది. కరెంటు తీగలకి తగులుతోంది" అన్నాడాయన, ఆమె కేసి చూడకుండా. ఆ దారిలో తీగలు ఎప్పుడో పక్కకి జరిపారని అందరికీ తెలుసు. వెనింగ్ నిచ్చెన పట్టుకుని నిలబడింది.

ఊరేగింపు రోజున లిందు పుత్రి పనివాళ్ళందరి చెవుల మీదా ఎర్రటి గిన్నెల్లాంటి మూతలున్నాయి. అందరికన్నా పెద్ద జత తుమిరాన్‌ది. వెనక లారీవాడు కేకేశాడు. "ఏం మిరాన్, లిందు పుత్రికి జలుబు చేసిందా? గొంతు రావట్లేదే!"

ఊరేగింపు చూడ్డానికొచ్చిన బ్రామ్ సైగలతో చెప్తే గానీ ఆయనకా మాట అందలేదు. అందగానే మూత ఒకటి పక్కకి జరిపి అరిచాడు. "జలుబు కాదురా, చదువు అబ్బింది!"

బడి ముందు కాసేపు వెనింగ్ పాట పెట్టారు. కొందరు కుర్రాళ్ళు ఇదేం పాటని గోల చేసి వెనక లారీ దగ్గరికి పోయారు. పక్క ఊరివాళ్ళు వచ్చే నెల తమ పెళ్ళికి వేరే లారీని మాట్లాడుకున్నారు. కానీ ఎప్పుడూ ఊరేగింపు రాగానే తలుపులు బిడాయించుకునే ముసలివాళ్ళు ఈసారి మెట్ల మీదికొచ్చి కూర్చున్నారు. జుమి అవ్వ లారీ పక్కనే నాలుగడుగులు నడిచింది. బ్రామ్ మాత్రం చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, ఆ నెమ్మది పాటకే ఎగరడానికి నానా తంటాలూ పడ్డాడు.

ఆ సాయంత్రం బండి దగ్గర బక్సో, అంటే మాంసపు ఉండల పులుసు, తింటూ తుమిరాన్ కూతురి పక్కకి జరిగాడు.

"నింగూ, ఆ కిందికి దించే విద్య నాకూ నేర్పవే."

సెలవుల్లో నేర్పింది. పాఠం చెప్పించుకోవడంలో ఆయన అంత మొండి విద్యార్థి ఇంకొకరుండరు. ఒక్క వేలుతో మీటలు నొక్కేవాడు. చెప్పింది వినకుండా ముందుకి పోయేవాడు. తప్పయితే కంప్యూటర్ని తిట్టేవాడు. ఫోను పట్టుకుని ఇల్లంతా తిరిగి దొరికిందల్లా రికార్డు చేశాడు. కెటిల్ కూత, మువ్వల చప్పుడు, కోడిపిల్లలు. వినబడని వాటిని వినబడేదాకా దింపుకోవడం ఆయనకి పండగైపోయింది. కెటిల్ కూత ఏనుగు ఘీంకారమైన రోజున ఇరుగుపొరుగుని పిలిచి మరీ వినిపించాడు.

ఓ రోజు వంటింట్లో లస్మి మాటల్ని చాటుగా రికార్డు చేసి, నెమ్మది చేసి వాకిట్లో పెట్టాడు. మగ గొంతులాంటి గొంతు ఒకటి, ఒక్కో అక్షరం విడదీసి, తీరిగ్గా, తువ్వాలు తడిగా మంచం మీద పడేసే మగవాళ్ళ గురించి గంభీరంగా ఉపన్యాసం ఇచ్చింది. లస్మి గరిటెతో బయటికొచ్చింది.

"ఎవరా మాట్లాడేది?"

"నువ్వే!"

"నేనా? అది నా గొంతా? సిగ్గులేదూ మీ తండ్రీ కూతుళ్ళకి!"

"నిజంగా లస్మీ," అన్నాడు తుమిరాన్ ఆమెని పక్కన కూర్చోబెట్టుకుని, "ఇన్నేళ్ళకి నువ్వన్న మాట మొదట్నుంచి చివరిదాకా విన్నాను. తువ్వాలు ఇంక ఆరేస్తాను."

లస్మి నవ్వు ఆపుకోలేక గరిటె కింద పెట్టేసింది. "ఇంకోసారి పెట్టండి" అంది. ఆయన మీట నొక్కబోయి ఆగిపోయాడు. తెర ఖాళీగా ఉంది.

"భద్రం చేశావా నాన్నా?"

"చెయ్యాలా?"

"మొదటి రోజే చెప్పాను కదా!"

"చెప్పావా? వినబడలేదు" అన్నాడు, ఈసారి దొంగ మొహం పెట్టి. తరవాత ఫోను తీసి భార్య ముందు పెట్టాడు. "సరే లస్మీ, మళ్ళీ మొదట్నుంచి తిట్టు."

లస్మి గొంతు సవరించుకుంది. ఫోను కేసి చూసింది, ఆయన కేసి చూసింది. ఎంత ఆలోచించినా తిట్టడానికి ఆమెకి ఒక్క మాటా తోచలేదు.